వైన్ సీసాల కార్కులు: ఉడకబెట్టాలా, నానబెట్టాలా, అలాగే కొట్టేయాలా?

ఎరీ_రాజు

పోయిన అక్టోబర్‌లో ఇక్కడ ఎరీ సరస్సు ఒడ్డున ఒక తోటలో కాంకర్డ్ ద్రాక్ష బుట్టలకొద్దీ కోసుకొచ్చాను, ఈ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి తెలుసు, రోడ్డు పొడుగునా అవే పందిళ్లు. వైన్ ఐదు గ్యాలన్ల కార్బాయ్‌లో, అంటే పెద్ద గాజు కూజాలో ఉంది. మడ్డి దిగినప్పుడల్లా పై తేట వేరే దాంట్లోకి లాగుతూ వచ్చాను, ఇప్పుడు వెనకాల ఫోన్ టార్చ్ పెడితే వెలుతురు ఇవతలికి వస్తోంది. ఈ శనివారం సీసాల్లో పోసేద్దామని పాతిక సీసాలు కడిగి బోర్లించాను కూడా.

ఆగిపోయింది కార్కుల దగ్గర. లైబ్రరీలో దొరికిన పాత పుస్తకమేమో మరిగే నీళ్లలో వేసి మెత్తబడేదాకా ఉంచమంటుంది. వైన్ సామాన్లు అమ్మే షాపతను సల్ఫైట్ (క్రిముల్ని చంపే పొడి) కలిపిన నీళ్లలో ఒకసారి ముంచి తీస్తే చాలన్నాడు. వీడియోలో ఒకాయన అసలు ఏమీ చేయకుండా సంచిలోంచి తీసి కొట్టేస్తున్నాడు. ముగ్గురూ ఎదుటివాడిది తప్పంటారు. నా దగ్గరున్నవి 9వ నంబర్ సహజ కార్కులు, పొడవు 45 మిల్లీమీటర్లు, కొట్టడానికి రెండు పిడుల చేతి కార్కర్. ఏం చేయమంటారు? ఉడకబెట్టడానికి మా ఆవిడ ఇడ్లీ కుక్కర్ మాత్రం ఇవ్వనంటోంది.

సీసా_సుబ్బారావు

ఆవిడ మాట విను. ఉడకబెట్టొద్దు.

టెక్సాస్_బాబాయ్

ఎందుకు ఉడకబెట్టకూడదు? నేను ఎప్పటినుంచో మస్కడైన్ ద్రాక్ష వైన్ చేస్తున్నా, ప్రతిసారీ కార్కుల్ని ఆవిరి మీద పెట్టి మెత్తబరిచే కొడతాను. ఒక్క సీసా పాడవలేదు. చెట్టు బెరడు అది, ఎక్కడెక్కడ పడేసి ఆరబెడతారో తెలియదు, వేడి తగలకుండా వైన్ మీద పెట్టమంటే నాకు మనసొప్పదు. పైగా పొడి కార్కు చేతి కార్కర్‌తో దిగదు. దిగినా చెయ్యి పోతుంది.

ల్యాబ్_లక్ష్మి

బాబాయ్ గారూ, మీరు తాగేది ఆరు నెలల్లోనే అయితే ఆవిరి పట్టినా తేడా తెలియదు. అందుకే మీకు ఏమీ కాలేదు. రెండు మూడేళ్లు దాచుకునే వైన్‌కి అదే పని చేస్తే కథ వేరు.

ఇప్పుడు అమ్ముతున్న కార్కులు పాత పుస్తకం రాసిన కాలం నాటివి కావు. అప్పట్లో విడిగా, డొక్కుగా, ఎండిపోయి వచ్చేవి, నానబెట్టడం తప్పేది కాదు. ఇప్పటివి ఫ్యాక్టరీలోనే కడిగి, తేమ 5 నుంచి 8 శాతం మధ్య ఉండేలా ఆరబెట్టి, పైన పల్చగా పారఫిన్ గానీ సిలికోన్ గానీ పూత వేసి, సల్ఫర్ డయాక్సైడ్ వాయువు నింపిన సంచిలో సీలు చేసి పంపిస్తారు. కార్కర్‌లో జారేది ఆ పూత వల్లే, సీసా మెడకి అతుక్కుని ఉండేదీ ఆ పూత వల్లే. మరిగే నీళ్లలో వేశారంటే మొదట పోయేది పూత. తర్వాత కణాల్లోకి నీళ్లు పోతాయి, బెరడులోని టానిన్ గోధుమరంగులో బయటికి వస్తుంది, కార్కు మెత్తబడి పొడి రాలుతుంది. కొట్టేటప్పుడు స్పాంజిని పిండినట్టు ఆ నీళ్లన్నీ నేరుగా వైన్‌లోకే. ఇంత చేసి క్రిములు పూర్తిగా చస్తాయా అంటే అదీ గ్యారంటీ లేదు, కార్కు లోపల సందులుంటాయి, అక్కడిదాకా వేడి పోయేసరికి కార్కు కార్కుగా మిగలదు.

టెక్సాస్_బాబాయ్

లక్ష్మిగారూ, పోర్చుగల్‌లో ఫ్యాక్టరీవాళ్లే బెరడుని గంటసేపు ఉడకబెడతారు, ఆ సంగతి మీకు తెలియదా? వాళ్లు చేస్తే శాస్త్రం, నేను చేస్తే చాదస్తం.

ల్యాబ్_లక్ష్మి

ఉడకబెడతారు, నిజమే. కానీ వాళ్లు ఉడకబెట్టేది చెట్టు నుంచి ఒలిచిన పలకల్ని, అవి చదునవ్వాలని, మెత్తబడాలని, పురుగూ పుట్రా పోవాలని. ఆ తర్వాత ఆరబెట్టి, కార్కుల ఆకారంలో కోసి, కడిగి, చివరగా పూత వేస్తారు. మీరు ఉడకబెడుతున్నది పూత వేసిన తర్వాత. ఇస్త్రీ అయిన చొక్కాని మళ్లీ బకెట్‌లో ముంచడం అది.

లిస్బన్_లీల

బెరడు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. నేనుండేది పోర్చుగల్‌లోనే, ఇక్కడ అలెంతేజూ ప్రాంతం వైపు కారులో వెళ్తే కాండం ఎర్రగా ఒలిచేసిన చెట్లు కనిపిస్తాయి, వాటి మీద తెల్ల రంగుతో ఒక అంకె రాసి ఉంటుంది. అది ఒలిచిన సంవత్సరం చివరి అంకె. మళ్లీ తొమ్మిదేళ్లదాకా ఆ చెట్టు జోలికి పోరు. మొదటిసారి ఒలవాలన్నా చెట్టుకి పాతికేళ్లు రావాలి, అందులోనూ మొదటి రెండు కోతల బెరడు సీసా కార్కులకి పనికిరాదు, మూడో కోతే. అంటే చెట్టుకి నలభై దాటాక వచ్చే సరుకు మనం సీసా మెడలో పెట్టేది. దాన్ని ఇడ్లీ కుక్కర్లో వేయడానికి నాకైతే చేతులు రావు.

పులిహోర_ప్రసాద్

పాతికేళ్లు పెంచి, మూడో కోత దాకా ఆగి... కార్కుకి ఉన్న ఓపిక మా ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఉంటే బాగుండేది.

ఎరీ_రాజు

ఉడకబెట్టడం పక్కన పెట్టేశాను. కానీ లక్ష్మిగారు చెప్పిన సీలు వేసిన సంచి విషయంలో నాకు టెన్షన్ మొదలైంది. నేను ఆ సంచి చలికాలంలోనే విప్పి చూసి, మళ్లీ రబ్బర్ బ్యాండ్ వేసి గరాజ్‌లో పడేశాను. వాసన చూస్తే సల్ఫర్ వాసనేమీ లేదు. ఇవి ఇంకా శుభ్రంగా ఉన్నట్టా, లేనట్టా?

సోనోమా_నరసింహ

సంచి విప్పాక ఆ వాయువు పోతుంది, కార్కు ఎండిపోవడం కూడా మొదలవుతుంది. ఎండిన కార్కు కొట్టేటప్పుడు పగుళ్లిస్తుంది, లేదా కార్కర్‌లో దాన్ని నొక్కే దవడల దగ్గర ముడత పడుతుంది. గరాజ్ అంటున్నారు, పెట్రోల్, పెయింట్ డబ్బాల వాసన కార్కు పట్టేసుకుంటుంది, ఒకటి కోసి ముక్కు దగ్గర పెట్టి చూడండి. వాసన ఉంటే మొత్తం పారేసి కొత్త సంచి కొనండి, పెద్ద ఖరీదేం కాదు. లేకపోతే మీకు పనికొచ్చే పద్ధతి ఒకటుంది, ఇక్కడ ఇంట్లో వైన్ చేసుకునేవాళ్లు దీన్ని కార్క్ హ్యూమిడార్ అంటారు.

మూత గట్టిగా పడే ప్లాస్టిక్ బకెట్ తీసుకోండి. నాలుగు లీటర్ల నీళ్లకి 50 గ్రాముల పొటాషియం మెటాబైసల్ఫైట్ కలపండి, అడుగున నాలుగు వేళ్ల మందాన ఉంటే చాలు. ఆ నీళ్లలో ఒక గిన్నె నిలబెట్టి, కార్కులు ఆ గిన్నెలో వేయండి. కార్కులకి నీళ్లు తగలకూడదు, ఇదే ముఖ్యం. మూత పెట్టేస్తే నీళ్లలోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ కార్కుల్ని శుభ్రం చేస్తుంది, అక్కడి తేమకి ఎండిన కార్కు మళ్లీ సాగుతుంది. ఈ రోజు మంగళవారం, శనివారానికి సరిగ్గా సరిపోతుంది. కొట్టేటప్పుడు బకెట్ పక్కనే పెట్టుకుని ఒక్కొక్కటే తీసుకోండి. కడగనక్కర్లేదు, ముంచనక్కర్లేదు, ఆరబెట్టనక్కర్లేదు.

మెల్‌బోర్న్_మల్లి

ఆ బకెట్ మూత తీసేటప్పుడు మొహం దూరంగా పెట్టుకో రాజూ. మా ఆయనకి ఆస్తమా ఉంది, వంటింట్లో నేను సల్ఫైట్ డబ్బా మూత తీసినందుకే దగ్గు ఆగలేదు, ఇన్‌హేలర్ వాడాల్సి వచ్చింది. అప్పటినుంచి ఆ పని పెరట్లోనే. ఇంకొందరు ఆ నీళ్లలో సిట్రిక్ యాసిడ్ కూడా వేస్తారు, వేస్తే వాయువు ఇంకా ఎక్కువ వస్తుంది, పని బాగా చేస్తుంది కానీ ఇంట్లో అస్సలు వద్దు.

ఇంతకీ మీరంతా ఇంకా కార్కుల దగ్గరే ఉన్నారా? ఇక్కడ కార్కు సీసా వెతుక్కోవాలి. 2000లో మా క్లేర్ వ్యాలీలో రీస్లింగ్ అనే తెల్ల వైన్ చేసేవాళ్లు కొందరు కలిసి స్క్రూ మూతలకి మారారు, దేశమంతా వాళ్ల వెనకే నడిచింది. నేను కూడా మూత తిప్పే సీసాలే. ఉడకబెట్టుడు లేదు, నానబెట్టుడు లేదు.

సీసా_సుబ్బారావు

మల్లిగారూ, వాడేసిన స్క్రూ మూత రెండోసారి మొదటిసారంత గట్టిగా పట్టదు. ఒక వేసవి గడిచాక చూడండి. కొత్త మూతలు కొంటే సరే.

రాజూ, ఆ మాట మీద గుర్తొచ్చింది, నువ్వు కడిగి పెట్టిన పాతికలో స్క్రూ మూత సీసాలు ఏమైనా ఉన్నాయా? ఉంటే పక్కన పెట్టేయ్. వాటి మెడ కార్కు కోసం చేసింది కాదు. లోపలి కొలత తేడాగా ఉంటుంది, మరలున్న చోట గాజు ఒత్తిడికి పగలొచ్చు. చేతి కార్కర్ మెడనే పట్టుకుని నొక్కుతుంది, పగిలిందంటే నీ చెయ్యి అక్కడే ఉంటుంది.

ఎరీ_రాజు

ఏడెనిమిది ఉన్నాయి! తెలుగు అసోసియేషన్ పార్టీ అయ్యాక పోగు చేసినవి. తీసేస్తున్నా.

వరంగల్_వాసు

లండన్ నుంచి. ఇంత గొడవ ఎందుకు కాకా, బ్లీచ్ చుక్క వేసిన నీళ్లలో ముంచి కడిగేస్తే అయిపోదా? బాత్‌రూమ్ దగ్గర్నుంచి బేబీ బాటిల్ దాకా ఇక్కడ అన్నిటికీ అదే.

సోనోమా_నరసింహ

వద్దు.

సీసా_సుబ్బారావు

వద్దు వద్దు వద్దు.

ల్యాబ్_లక్ష్మి

వాసుగారూ, ఈ మొత్తం చర్చలో నిజంగా వైన్‌ని చంపేసే సలహా ఇదొక్కటే, కోప్పడకండి. కార్కు, చెక్క లాంటి వాటికి క్లోరిన్ తగిలితే వాటిలోని ఫినాల్స్ అనే పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్ పుడతాయి. వాటిని బూజు మార్చి టీసీఏ చేస్తుంది, పూర్తి పేరు 2,4,6-ట్రైక్లోరో అనిసోల్. తడిసిన అట్టపెట్టె, బూజు పట్టిన గది వాసన అది. వైన్‌లో కార్కు వాసన అని జనం తిట్టుకునేదానికి ముఖ్య కారణం ఇదేనని 1980ల మొదట్లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు తేల్చారు. లీటర్‌లో కొన్ని నానోగ్రాములున్నా ముక్కు పట్టేస్తుంది. తాగితే ప్రమాదమేమీ లేదు, కాకపోతే తాగబుద్ధి కాదు. ఒకప్పుడు కార్కు ఫ్యాక్టరీలవాళ్లే తెల్లగా కనబడాలని క్లోరిన్‌తో కడిగేవారు, ఈ సంగతి బయటపడ్డాక హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి మారారు.

ఒకసారి కార్కులో టీసీఏ పుట్టాక సల్ఫైట్ వేసినా పోదు, ఉడకబెట్టినా నమ్మకం లేదు. వైన్ పనిచేసే గదిలో నేల తుడవడానికి కూడా నేను బ్లీచ్ వాడను.

వరంగల్_వాసు

సరే సరే, బ్లీచ్ లోపల పెట్టేశా. స్టార్‌శాన్, అదే బీర్ సామాను శుభ్రం చేసే ద్రవం, దాని సంగతేంటి మరి? నా బీర్ సామానంతా దాంతోనే.

సీసా_సుబ్బారావు

అది ఫాస్ఫారిక్ యాసిడ్ రకం, కడగనక్కర్లేదు, సీసాలకీ గొట్టాలకీ నేను అదే వాడతా. కార్కుని కూడా ఒక్క క్షణం ముంచి తీసేవాళ్లున్నారు, తప్పులేదు. నానబెట్టొద్దు. నా ఓటు మాత్రం కార్కు దగ్గర సల్ఫైట్‌కే. ఎలాగూ వైన్‌లో ఉన్నదీ అదే.

గుంటూరు_గ్రేస్

మా ఇంట్లో క్రిస్మస్‌కి మా అమ్మమ్మ నల్ల ద్రాక్షతో చేసేది. జాడీలో ద్రాక్ష, పంచదార, లవంగాలు, దాల్చినచెక్క, కాస్త గోధుమలు. మూతకి గుడ్డ కట్టి మంచం కింద పెట్టేది. పండక్కి వడకట్టి చిన్న గ్లాసుల్లో పోసేది, జనవరికి మిగిలేది కాదు. కార్కు అనే మాటే మా ఇంట్లో వినలేదు. మీ చర్చ చదివితే ఆశ పుట్టింది, ఇక్కడ సీసాలకి కొట్టి దాచుకోవచ్చా?

సీసా_సుబ్బారావు

గ్రేస్‌గారూ, అక్కడ చట్టం వేరు. ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మద్యం తయారీ నేరమే, ఆంధ్రాలో అయినా తెలంగాణలో అయినా. ఇక్కడ అమెరికాలో ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, ఒక్కరే అయితే 100 గ్యాలన్లు సొంతానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు అంతే. కాబట్టి రాజుగారి లెక్క మీకు పనిచేయదు.

పులిహోర_ప్రసాద్

200 గ్యాలన్లు అంటే సుమారు వెయ్యి సీసాలు. రాజు ఇంకా ఇరవైలోపే ఉన్నాడు, వదిలేయండి పాపం.

బోస్టన్_భారతి

నేను సింథటిక్ కార్కులకి మారి హాయిగా ఉన్నా. పొడి రాలదు, టీసీఏ భయం లేదు, సీసా పడుకోబెట్టక్కర్లేదు, నిలబెట్టినా ఎండిపోదు. సహజ కార్కు మీద ఈ మోజు ఎందుకో నాకర్థం కాదు, చివరికి ఓపెనర్‌తో తీసి చెత్తబుట్టలో వేసేదే కదా.

సోనోమా_నరసింహ

సింథటిక్‌ని నేను తిట్టను, కానీ రాజు దగ్గరున్న రెండు పిడుల కార్కర్‌తో అవి కొన్ని రకాలు దిగవు, దవడల్లో గీత పడితే ఆ గీత వెంటే గాలి పోతుంది. సహజ కార్కు నొక్కితే చిన్నదై, మెడలోకి వెళ్లాక మళ్లీ ఉబ్బి చిన్న చిన్న లోపాల్ని తనే కప్పుకుంటుంది. మధ్యేమార్గం ఒకటుంది, నలిపిన కార్కు రేణువుల్ని అతికించి, రెండు చివర్లా సహజ కార్కు బిళ్లలు పెట్టినవి. ధర తక్కువ, రెండు మూడేళ్లకి ఢోకా లేదు. నేను మామూలు వైన్‌కి అవే వాడతా.

బోస్టన్_భారతి

నాది ఫ్లోర్ కార్కర్, నేల మీద నిలబెట్టి పిడి లాగేది, అందుకే ఇబ్బంది తెలియలేదేమో. ఒప్పుకుంటా. కానీ పొడి రాలే బాధ సహజ కార్కుతో ఉంది, కాదనకండి.

వరంగల్_వాసు

రెండు పిడుల దానితో 9వ నంబర్ కార్కా? మస్తు కష్టం. నేను ఒకసారి పట్టాను దాన్ని, ఒకరు సీసా పట్టుకోవాలి, ఒకరు పిడులు నొక్కాలి, ఇద్దరి మధ్యా పెళ్లయి ఉంటే కొట్లాట గ్యారంటీ.

సోనోమా_నరసింహ

వాసు నవ్వుతూ అన్నా విషయం ఉంది. మామూలు వైన్ సీసా మెడ లోపల 18.5 మిల్లీమీటర్లు. 9వ నంబర్ కార్కు 24 మిల్లీమీటర్లు. 8వ నంబర్ 22. ఆ ఐదున్నర మిల్లీమీటర్లు నొక్కడానికి చేతి కార్కర్ దవడలు సరిపోవు, అది కార్కుని చుట్టూ సమంగా నొక్కదు, ఒక గరాటులోంచి తోస్తుంది. అందుకే జనం కార్కుని నానబెట్టి మెత్తబరచడం మొదలెట్టారు. నా లెక్కలో ఈ నానబెట్టే ఆచారంలో సగం శుభ్రత కోసం కాదు, నాసి కార్కర్ వల్ల వచ్చింది. బాబాయ్‌గారి ఆవిరి కూడా అదే అనుకుంటున్నా.

రాజుకి రెండు దారులు. ఏడాదిలోపు తాగేసేదైతే 8వ నంబర్, అంచులు చెక్కిన రకం, 38 మిల్లీమీటర్ల పొడవుది కొనుక్కుని చేతి కార్కర్‌తోనే కానివ్వడం. లేదంటే ఫ్లోర్ కార్కర్ అద్దెకి తేవడం, సామాన్ల షాపులు చాలావాటిలో రోజుకింత అని ఇస్తారు.

టెక్సాస్_బాబాయ్

నరసింహా, నా దగ్గరున్నదీ రెండు పిడులదే. అందులో నువ్వన్నది కొంత నిజమే అయ్యుండొచ్చు. ఫ్లోర్ కార్కర్ ఎవరైనా ఇస్తే పొడి కార్కు కొట్టి చూస్తా. కానీ ఆవిరి తప్పని మాత్రం ఒప్పుకోను, ముందే చెబుతున్నా.

ల్యాబ్_లక్ష్మి

అందరూ కార్కు శుభ్రత గురించే మాట్లాడుతున్నారు, కార్కర్ శుభ్రత గురించి ఒక్కరూ అనలేదు. కార్కు తగిలేది దవడలకే కదా. పోయినేడు కొట్టిన వైన్ మరకలు ఎండిపోయి, ఆ సందుల్లో బూజు ఉంటుంది. కొట్టే ముందు పాత బ్రష్‌తో రుద్ది, సల్ఫైట్ నీళ్లో స్టార్‌శానో చిలకరించి తుడవండి. సల్ఫైట్ అయితే పని అయ్యాక మంచినీళ్లతో తుడిచి ఆరబెట్టాలి, ఇనుముని తినేస్తుంది. అద్దెకి తెచ్చినదానికైతే రెండింతలు రుద్దండి, ఎవరెవరు ఏం కొట్టారో.

పులిహోర_ప్రసాద్

నాకో డౌటు. తాగేసిన సీసాల కార్కులు ఇంట్లో ఒక గాజు జాడీ నిండా ఉన్నాయి. శుభ్రం చేసి మళ్లీ వాడొచ్చా?

సీసా_సుబ్బారావు

ఓపెనర్ స్క్రూ చేసిన కంత గుండా గాలి పోతుంది బాబూ. వేడి గిన్నెల కింద పెట్టుకునే చాప అల్లుకో.

ఎరీ_రాజు

ఫ్లోర్ కార్కర్ అద్దెకి మాట్లాడేశా. బకెట్ కూడా సిద్ధం చేశా, పెరట్లోనే, మల్లిగారి మాట ప్రకారం. కార్కు ఒకటి కోసి చూశా, గరాజ్ వాసనేమీ లేదు.

ఇంకొక్క చిన్న విషయం, కార్కులతో సంబంధం లేదులే. కాంకర్డ్ కదా, పులుపు మరీ ఎక్కువగా ఉంది, సీసాల్లో పోసే ముందు నాలుగు కప్పుల పంచదార కలుపుదామనుకుంటున్నా. ఈ ద్రాక్ష వైన్ తియ్యగా ఉంటేనే బాగుంటుందని అందరూ అంటారు.

సోనోమా_నరసింహ

సంబంధం లేదా!! ఆగు. కలిపేశావా?

ల్యాబ్_లక్ష్మి

రాజుగారూ, వైన్‌లో పంచదార ఎంత మిగిలిందో చూసే హైడ్రోమీటర్ రీడింగ్ ఎంత? సార్బేట్ వేశారా?

ఎరీ_రాజు

ఇంకా కలపలేదు. రీడింగ్ 0.994, నెలన్నర నుంచి మారలేదు. సార్బేట్ వేయలేదు, అంటే ఏంటది?

ల్యాబ్_లక్ష్మి

0.994 అంటే పులియడం అయిపోయింది, మంచిదే. కానీ ఈస్ట్ అంతా చచ్చిపోయిందని కాదు. తినడానికి ఏమీ లేక ఊరుకుంది. మీరు పంచదార వేసి కార్కు బిగిస్తే అది మళ్లీ మొదలెడుతుంది, వాయువుకి బయటికి దారి ఉండదు. కార్కు లేస్తుంది, లేవకపోతే సీసా పగులుతుంది. మీరు కార్కుని ఎంత శుభ్రం చేశారన్నది అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

తియ్యగా కావాలంటే ముందు పొటాషియం సార్బేట్ గ్యాలన్‌కి అర టీస్పూన్ చొప్పున, దాంతోపాటు సల్ఫైట్ ఐదు గ్యాలన్లకి పావు టీస్పూన్, అది 40 పీపీఎం (లీటర్‌కి 40 మిల్లీగ్రాములు) చుట్టూ వస్తుంది. సార్బేట్ ఈస్ట్‌ని చంపదు, పెరగకుండా ఆపుతుంది, అందుకే వైన్ తేటగా ఉన్నప్పుడే వేయాలి. తర్వాత పంచదార కొద్దిగా వైన్‌లో కరిగించి కలపండి, నాలుగు కప్పులూ ఒకేసారి కాదు, రుచి చూసుకుంటూ. మళ్లీ ఎయిర్‌లాక్ (వాయువు బయటికి పోనిచ్చి గాలి లోపలికి రానివ్వని మూత) బిగించి రెండు వారాలు చూడండి. రీడింగ్ కిందికి దిగకపోతే అప్పుడు సీసాలు. పులుపు తగ్గించే మాలోలాక్టిక్ బాక్టీరియా వేసి ఉంటే మాత్రం సార్బేట్ వద్దు, జెరానియం ఆకు నలిపిన వాసన వస్తుంది, అది పోదు.

సీసా_సుబ్బారావు

అంటే ఈ శనివారం లేనట్టే.

ఎరీ_రాజు

బాక్టీరియా ఏమీ వేయలేదు. కార్కర్ బుకింగ్ రెండు వారాలు ముందుకి జరిపించా. మా ఆవిడ నవ్వుతోంది.

మెల్‌బోర్న్_మల్లి

బకెట్‌లో కార్కులు అలాగే ఉంచెయ్, ఏం కాదు కదా నరసింహా?

సోనోమా_నరసింహ

మూత గట్టిగా ఉంటే ఏం కాదు. కార్కులు తడిగా అనిపిస్తే మాత్రం బయటికి తీసి, గాలి పిండేసిన జిప్ సంచిలో పెట్టి, కొట్టే ముందు రెండు రోజులు మళ్లీ బకెట్‌లో వేయి.

ఎరీ_రాజు

అయిపోయింది. నిన్న కొట్టేశాం. ఫ్లోర్ కార్కర్ ముందు చేతిది అసలు యంత్రమే కాదు, మా అబ్బాయి కూడా ఒంటి చేత్తో లాగేశాడు. తీపి కూడా సరిగ్గా కుదిరింది, రెండు కప్పులతోనే ఆపేశా. ఒకటే సందేహం. పొద్దున చూస్తే నాలుగైదు సీసాల్లో కార్కు రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంది. మళ్లీ పులుస్తోందా అని గుండె జారింది, కానీ రీడింగ్ రెండు వారాలూ కదల్లేదు.

సీసా_సుబ్బారావు

ఆ నాలుగైదిట్లో వైన్ పై దాకా పోశావా?

ఎరీ_రాజు

చివర్లో పోసినవి అవి. కార్బాయ్‌లో మిగలకూడదని కాస్త నిండుగానే పోశా.

సీసా_సుబ్బారావు

అదే. కార్కు కిందికి దిగేటప్పుడు మెడలో గాలిని కూడా తనతోపాటు నొక్కుకుంటూ పోతుంది. ఖాళీ తక్కువ ఉంటే ఆ ఒత్తిడి కార్కుని వెనక్కి తోస్తుంది. కార్కు అడుగుకీ వైన్‌కీ మధ్య ఒక వేలి మందం, అంటే అర నుంచి ముప్పావు అంగుళం ఉండాలి. మెడ లోపలి గోడకి వైన్ అంటి తడిగా ఉన్నా జారుతుంది. లేచినవాటిని కార్కర్‌తోనే మళ్లీ కిందికి దించు, ఇంకా లేస్తే ఆ సీసాలు ముందు తాగేయ్. మిగతావాటిని రెండు మూడు రోజులు నిలబెట్టే ఉంచు, లోపలి ఒత్తిడి కార్కు గుండా సర్దుకుంటుంది. తర్వాత పడుకోబెట్టు, కార్కు తడిగా ఉంటుంది.

బోస్టన్_భారతి

సింథటిక్ అయితే పడుకోబెట్టే పని కూడా లేదని మళ్లీ ఒకసారి గుర్తు చేస్తున్నా.

టెక్సాస్_బాబాయ్

మా ఊళ్లో ఒకాయన ఫ్లోర్ కార్కర్ ఇచ్చాడు. పొడి కార్కు దిగింది. ఏడాది తర్వాత రెండు రకాలూ పక్కపక్కన విప్పి చెబుతా, అప్పటిదాకా నన్ను కదిలించొద్దు.

గుంటూరు_గ్రేస్

రాజుగారూ, కార్కు పైన ఆ మెరిసే తొడుగు కూడా వేశారా? షాపు సీసాల్లా కనబడాలంటే అదే కదా.

ఎరీ_రాజు

వేశా, ప్లాస్టిక్ రకం. కెటిల్ ఆవిరి ముందు సీసా మెడ పట్టుకుంటే క్షణంలో బిగుసుకుపోయింది, చేతికి గ్లౌజ్ ఉండాలి. ఇప్పుడు లేబుల్స్ దగ్గర ఆగిపోయా. స్టిక్కర్ పేపర్ మీద ప్రింట్ చేసి అంటిస్తే తర్వాత సీసా కడిగేటప్పుడు గోళ్లు ఊడొస్తాయి. మీరేం వాడతారు?

సోనోమా_నరసింహ

మామూలు పేపర్ మీద ప్రింట్ చేసి పాలతో అంటించు.

వరంగల్_వాసు

పాలతోనా??

సోనోమా_నరసింహ

ఫ్రిజ్‌లో ఉన్న పాలే. లేబుల్ వెనక బ్రష్‌తో పల్చగా రాసి, సీసాకి అతికించి, బయటికి వచ్చిన పాలు గుడ్డతో తుడిచేయి. ఆరాక గట్టిగా పట్టుకుంటుంది, వాసన రాదు. మళ్లీ ఊడదీయాలంటే గోరువెచ్చని నీళ్లలో ముంచితే జారిపోతుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ అయితే తడికి రంగు పాకుతుంది, లేజర్ ప్రింట్ తీసుకో.